కుడి కంచె కింద బంతులు

నాలుగో పాఠం మొదలయ్యేసరికే మాస్టారికి ఒంట్లో సత్తువ అయిపోయింది. అప్పటికింకా ఉదయం పదకొండు కూడా కాలేదు.

రేకుల కప్పు కింద వరసగా ఇరవై నాలుగు ఆకుపచ్చ మ్యాట్లు, ఎదురుగా కంచె వేసిన పొడవాటి పచ్చిక మైదానం, వంద గజాల దూరంలో రెండు తెల్ల గుంజలు. గోల్ఫ్ నేర్చుకోవాలని వచ్చేవాళ్ళు ఆ మ్యాట్ల మీద నిలబడి, బుట్టెడు బంతులు మైదానంలోకి కొట్టి, చెమట తుడుచుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పులు దిద్దడం మాస్టారి పని. నలభై ఒక్క ఏళ్ళుగా అదే పని.

పళ్ళ డాక్టరమ్మ కర్ర ఎత్తి కొట్టింది. బంతి చక్కగా లేచింది. సగం దూరం తిన్నగా పోయింది. ఆ తర్వాత ఏదో మర్చిపోయి వెనక్కి తిరిగినదానిలా కుడివైపుకి ఒంగి, కుడి కంచె దగ్గర పడింది. ఆటలో దీన్ని స్లైస్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో పదిమందికి ఎనిమిది మందిని పట్టుకునే జబ్బు ఇది.

"మళ్ళీ పోయింది మాస్టారూ."

"పోదా మరి? బస్సు ఎక్కేటప్పుడు భుజంతో తోసినట్టు తోస్తున్నావు. ముందు మోచేయి కిందికి, జేబు దగ్గరికి దిగాలి. భుజం తర్వాత రావాలి."

"మోచేయి జేబులో పెట్టమని మీరంటూనే ఉన్నారు, నేను పెడుతూనే ఉన్నాను. జేబులే చిరిగిపోయేట్టున్నాయి."

"కాళ్ళు చూసుకో. గుంజల వైపు నిలబడమంటే ఎడమ కంచె వైపు నిలబడ్డావు."

"బంతి కుడికి పోతోంది కదా, అందుకే కాస్త ఎడమకి తిరిగాను. ఇటు పోయింది అటు సర్దుకుంటుందనుకున్నా."

"అందరూ పడే గొయ్యే అది. ఎడమకి తిరిగినకొద్దీ కర్ర బయటి నుంచి లోపలికి వస్తుంది, వంకాయని కోసినట్టు బంతిని కోస్తుంది. ఎంత ఎడమకి తిరిగితే అంత కుడికి పోతుంది. కాళ్ళు సర్దుకో."

ఆవిడ కాళ్ళు సర్దుకుని, కర్ర చేతిలో ఊపుతూ, "ఒక్కసారి మీరు కొట్టి చూపించండి మాస్టారూ," అంది. ఈ నెలలో ఇలా అడగడం ఇది మూడోసారి.

"పన్ను నొప్పని నీ దగ్గరికి వచ్చినవాడికి నీ పన్ను పీక్కుని చూపిస్తావా?"

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. మాస్టారు నవ్వలేదు. మాట తప్పించుకున్నందుకు లోపల కాస్త ఊపిరి పీల్చుకున్నారు, అంతే. ఆయన శిష్యుల ముందు బంతి కొట్టి రెండేళ్ళయింది.

మాస్టారు చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. ఆ బడికి గోడలు మూడే. పంతొమ్మిదో ఏట, ఈ మైదానం వెనకున్న పెద్ద గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే పనిలో చేరారు. గడ్డి కోస్తూ ఆడేవాళ్ళని చూశారు. ఆ తర్వాత ఆరేళ్ళు పెద్దమనుషుల కర్రల సంచులు మోశారు. మోస్తూ మోస్తూ ఎవరి తప్పు ఏమిటో కంఠస్థం చేశారు. పనివాళ్ళ పోటీలో వరసగా మూడేళ్ళు కప్పు గెలిచారు. నాలుగో ఏడు ఆయన్ని పోటీలోకి రానివ్వొద్దని మిగతావాళ్ళంతా కలిసి అర్జీ పెట్టుకున్నారు. కప్పుకంటే ఆ అర్జీ కాగితాన్నే మాస్టారు బీరువాలో ఎక్కువ జాగ్రత్తగా దాచుకున్నారు. ఒక్క దెబ్బకి బంతిని గుంటలో వేయడమనే అదృష్టం ఆయనకి రెండుసార్లు పట్టింది. రెండోసారి చూసిన సాక్షులు ఐదుగురు, అందులో ఒకాయన పోలీసు అధికారి. పెద్ద కోర్టు జడ్జిగారి భుజం దిద్దింది ఆయనే. గుండె కోసి కుట్టే డాక్టరుగారికి కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన చేతికింద నేర్చుకుని పదకొండు మంది మాస్టర్లయ్యారు. ఇవన్నీ ఆయనే చెప్పుకుంటారని వెనక నవ్వేవాళ్ళున్నారు. ఆయన చెప్పుకోక ఇంకెవరు చెబుతారు? మైదానం ఆఫీసులో గడ్డి మిషన్ల లెక్కలున్నాయి గానీ, ఎవరి భుజం ఎవరు దిద్దారో రాసిన కాగితం ఒక్కటీ లేదు.

ఇంత చేసినవాడికి ఇప్పుడో పరీక్ష వచ్చిపడింది. అరవై ఐదు దాటిన మాస్టర్లు రెండేళ్ళకోసారి పది బంతులు కొట్టి చూపించాలని గోల్ఫ్ సంఘం వాళ్ళ నియమం. పదిలో ఏడు ఆ తెల్ల గుంజల మధ్య నుంచి పోవాలి. పోకపోతే నేర్పే అనుమతి పోతుంది. కిందటిసారి సరిగ్గా ఏడే పోయాయి. అందులో ఒకటి గుంజకి తగిలి, దయతలచి లోపలికి పడింది. ఈసారి పరీక్షకి ఇంకా ఆరు రోజులున్నాయి. మైదానం యజమాని మంచివాడే. "ఒకవేళ అటూ ఇటూ అయినా మీరేం దిగులుపడకండి మాస్టారూ, బంతుల బుట్టలకి టోకెన్లిచ్చే కిటికీ దగ్గర కూర్చోండి, అక్కడ ఫ్యాను కూడా ఉంది," అన్నాడు. ఆ ఫ్యాను మాట మాస్టారి గుండెల్లో మేకులా దిగబడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మైదానం మూసేస్తారు. చుట్టూ ఇనప జాలీ కట్టిన చిన్న ట్రాక్టరు ఎక్కి ఒకావిడ బంతులు ఏరుతుంది. పాతికేళ్ళుగా ఆవిడే. అందరూ ట్రాక్టరమ్మ అనే పిలుస్తారు. శిష్యులంతా వెళ్ళిపోయాక మాస్టారు చిట్టచివరి మ్యాట్ దగ్గరికి వెళ్ళి, స్తంభం చాటున నిలబడి, ఒక్కో బంతీ కొట్టుకుంటారు. ఆ రోజూ కొట్టారు. ఒక్కో బంతీ లేచింది, సగం దూరం పోయింది, కుడికి ఒంగింది. మాస్టారు ఇంకాస్త ఎడమకి జరిగారు. బంతి ఇంకాస్త కుడికి ఒంగింది. కర్ర పాతదైపోయిందనుకున్నారు. మ్యాట్ అరిగిపోయిందనుకున్నారు. కళ్ళజోడు మార్చాలనుకున్నారు. కాళ్ళ మాట మాత్రం ఆయనకి తట్టలేదు. ఆ సంగతి పొద్దున్నే డాక్టరమ్మకి చెప్పి వచ్చారు కదా, అది శిష్యుల జబ్బు.

ట్రాక్టరు చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

"అన్నయ్యా, కుడి కంచె కింద ఊడ్చి అర్ధగంట కాలేదు, మళ్ళీ ముప్పై బంతులు మొలిచాయి. ఎవరైనా కొత్త శిష్యుడొచ్చాడా?"

"ఆఁ, వచ్చాడు."

"వయసైనవాడేనా?"

"నీకెలా తెలుసు?"

"కుర్రాళ్ళవైతే కంచె మీంచి దూకి అవతల పడతాయి. ఇవి కంచె దాకా వచ్చి, ఇక మా వల్ల కాదన్నట్టు కూలబడ్డాయి."

మాస్టారు కర్ర కొన తుడుస్తూ, "ఇవాళ గాలి ఎక్కువుంది," అన్నారు.

"గాలా? ఈ జాలీలో ఉడికి చస్తున్నాను. ఆకు కదిలితే ఒట్టు." ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహం చూసి, గొంతు తగ్గించింది. "పోనీ గాలేలే అన్నయ్యా. ఎవరన్నా అడిగితే నేనూ గాలే అంటాను."

ట్రాక్టరు కదిలింది. మాస్టారు స్తంభానికి వీపు ఆనించి కాసేపు అలాగే నిలబడ్డారు. కోపం రావాల్సింది గానీ, కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

మాస్టారి ఇల్లు రెండు గదులు, రెండో అంతస్తు. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన భార్య కుట్టుమిషను. ముప్పై ఎనిమిదేళ్ళుగా వీధి వీధంతా ఆవిడ కుట్టిన బట్టలే కట్టింది. ఆ సాయంత్రం ఆవిడ బల్ల మీద బూడిదరంగు గుడ్డ పరిచి, మాస్టారు చెప్పులు విప్పకముందే టేపు పట్టుకుని ఎదురొచ్చింది.

"పరీక్షకి ఈ పాత ప్యాంటుతో వెళ్తారా? మోకాళ్ళ దగ్గర అద్దంలా మెరుస్తోంది. నిలబడండి, కొలత తీసుకుంటాను."

"రేపు తీసుకో. నడుము విరిగిపోతోంది."

"రేపంటే ఎల్లుండవుతుంది. కర్ర పట్టుకుని ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. కిందటిసారి ఒంగితే బిగుసుకుపోయిందని నన్ను వారం రోజులు సాధించారు."

మాస్టారు మూలనున్న గొడుగు తీసి, కర్రలా పట్టుకుని ఒంగారు. ఆవిడ నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ తలుపు గడియే మీ గుంజలనుకోండి. అటు కొడుతున్నట్టు నిలబడండి."

"నిలబడ్డాను."

"తిన్నగా నిలబడండి."

"తిన్నగానే నిలబడ్డాను."

"లేదు. గుడ్డ మెలిపడుతోంది."

"ఏమోయ్, నలభై ఒక్క ఏళ్ళుగా ఊరందరికీ నిలబడ్డం నేర్పుతున్నవాణ్ణి నేను! నాకే చెబుతున్నావా?"

ఆవిడ నోట్లోంచి సూదులు తీసింది. "నేనూ ముప్పై ఎనిమిదేళ్ళుగా గుడ్డ కోస్తున్నదాన్నే. వంకర ఎక్కడుందో నాకు చెప్పక్కర్లేదు. కదలకండి." బల్ల మీదున్న పొడవాటి చెక్క స్కేలు తెచ్చి, ఆయన రెండు కాళ్ళ బొటనవేళ్ళకీ ఆనేలా నేలమీద పెట్టింది. "ఇప్పుడు పాదం ఎత్తకుండా తల తిప్పి చూడండి, అది ఎటు చూపిస్తోందో."

మాస్టారు చూశారు. స్కేలు తలుపు గడియ వైపు చూపించడం లేదు. దానికి ఎడమగా రెండు మూరల దూరంలో ఉన్న కిటికీ తెర వైపు చూపిస్తోంది.

"నువ్వే వంకరగా పెట్టావు."

"అయితే మీరే పెట్టుకోండి."

మాస్టారు గొడుగు కింద పడేసి, మోకాలు పట్టుకుని ఒంగి, స్కేలు తన చేత్తో తనే సర్దారు. లేచి చూశారు. మళ్ళీ కిటికీయే.

ఆయనకి అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళ కిందట ఎడమ తుంటి నొప్పి మొదలైంది. కాస్త ఎడమకి తిరిగి నిలబడితే నొప్పి తగ్గినట్టుండేది. ఆ కాస్తా ఏడాదికో వేలెడు చొప్పున పెరిగింది. బంతి కుడికి ఒంగడం మొదలయ్యాక, దాన్ని సర్దడానికి మరికాస్త తిరిగారు. నిన్న, మొన్న, అటుమొన్న, ప్రతి శిష్యుడికీ వద్దని చెప్పినదే. ఒళ్ళు ఆ వంకరకే అలవాటుపడి, అదే తిన్నగా ఉన్నట్టు చెబుతూ వచ్చింది.

"ఎవరికీ చెప్పకు," అన్నారు చివరికి.

"ఎవరికి చెబుతాను, ఈ ప్యాంటుకా? కూర్చోండి, టీ పెడతాను."

టీ తాగాక ఆవిడే స్కేలుని పాత గుడ్డలో చుట్టి, కర్రల సంచిలో పెట్టింది. "రేపు తీసుకెళ్ళండి. నాకు ఇంకోటుంది."

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట మాస్టారు స్కేలుని మ్యాట్ మీద గుంజల వైపు పెట్టుకుని, దానికి వేళ్ళు ఆనించి నిలబడ్డారు. అలా తిన్నగా నిలబడితే ఒళ్ళంతా కుడి కంచె వైపు తిరిగినట్టే అనిపించింది. తుంటిలో నిప్పు పెట్టినట్టయింది. పైగా మొదటి రోజు బంతులన్నీ మునుపటికంటే ఘోరంగా కుడికి పోయాయి, కాళ్ళు సర్దుకున్నా భుజం పాత దారినే దూకుతోంది మరి. రెండు వేలమందికి చెప్పి ఉంటారు ఆయన, "కాళ్ళని నమ్ము, మోచేతిని దింపు, బంతి సంగతి బంతి చూసుకుంటుంది" అని. ఇన్నేళ్ళుగా ఆ మాట విని వాళ్ళు తనని మనసులో ఎంత తిట్టుకుని ఉంటారో ఇప్పుడర్థమైంది. మూడో రోజుకి ఒక బంతి తిన్నగా పోయింది. నాలుగో రోజు తుంటి నొప్పికి గంట ముందే ఇంటికెళ్ళి పడుకున్నారు. ఐదో రోజు పదిలో ఐదు గుంజల మధ్య నుంచి పోయాయి. ఆ రోజు ఇంటికి బయల్దేరుతూ, టోకెన్ల కిటికీ దగ్గర నిజంగానే ఆగి లోపలికి చూశారు. చిన్న కుర్చీ, మెత్త కూడా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కూర్చున్న మనిషి కునుకు తీస్తున్నాడు. మాస్టారికి అసూయ కలిగింది.

పరీక్ష రోజు ఉదయం తొమ్మిదింటికి సంఘం నుంచి పరీక్ష చేసే ఆయన వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి. ఒకప్పుడు మాస్టారి శిష్యుడే, ఆ పదకొండు మందిలో ఒకడు. మాస్టారు అతన్ని పొడుగోడా అని పిలిచేవారు. ఇప్పుడు చేతిలో ఫైలు, మెడలో కార్డు.

"మీకు పరీక్ష పెట్టడమేంటి మాస్టారూ, నాకే సిగ్గుగా ఉంది," అన్నాడు అతను, ఫైలు తెరుస్తూ. "టీ తాగి కబుర్లు చెప్పుకుందాం. పది అని రాసి సంతకం పెట్టేస్తాను. ఎవరడుగుతారు?"

మాస్టారి వెనకే కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే చాలు, పని అయిపోతుంది. తుంటి కూర్చోమనే అంటోంది. "సరే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నిన్ను ఈ మ్యాట్ మీదే రెండుసార్లు ఫెయిల్ చేశాను, గుర్తుందా?"

"గుర్తులేకపోవడమా! రెండోసారి మా ఆవిడ మిమ్మల్ని తిట్టిన తిట్లు పక్కింటివాళ్ళకి కూడా గుర్తున్నాయి."

"రెండోసారి నీకు ఆరు పోయాయి. ఇంకొక్కటి వదిలెయ్యమని బతిమాలావు. నేను వదల్లేదు. ఇప్పుడు కొట్టకుండా సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నేను నీకు చేసింది అన్యాయమైపోతుంది. బంతులు తే."

పొడుగాయన నియమాల కాగితం చదివాడు. నేలమీద గీత గానీ, కర్ర గానీ, ఏ గుర్తూ పెట్టకూడదు. అంటే స్కేలు కుదరదు. సంచి మోసే మనిషి ఒకరు పక్కన ఉండొచ్చు, సలహా చెప్పొచ్చు.

ఆ రోజు తొమ్మిదింటి పాఠానికి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ పక్కన నిలబడి ఇదంతా వింటోంది. మాస్టారు ఆవిడ వైపు తిరిగారు.

"డాక్టరమ్మా, నా సంచి మోస్తావా?"

"మీ సంచా? అంతకంటేనా! కానీ నాకేం తెలుసు మాస్టారూ, నేను మీకేం చెప్పగలను?"

"నీకే తెలుసు. నీ జబ్బే నాకూ ఉంది." పొడుగాయన వింటున్నాడని తెలుసు, ట్రాక్టరు ఆపుకుని ట్రాక్టరమ్మ వింటోందనీ తెలుసు. "నాలుగేళ్ళుగా నా కాళ్ళు ఎడమకి పోతున్నాయి. నాకు తెలియడం లేదు. నేను నిలబడ్డాక వెనక నుంచి చూసి, ఎటు చూస్తున్నాయో చెప్పు. చెప్పి పక్కకి జరుగు."

"మీకా?" డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "అచ్చం నాలాగానా?"

"నీకంటే బాగా ముదిరింది. మెచ్చుకోవడం తర్వాత, ముందు చూడు."

మొదటి బంతి కుడికి పోయింది. పొడుగాయన ఫైలులో గీత పెట్టాడు.

"ఇంకా కుడికి తిరగండి మాస్టారూ," అంది డాక్టరమ్మ. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ."

రెండోది గుంజల మధ్య నుంచి పోయింది. మూడోది, నాలుగోది కూడా పోయాయి. ఎత్తుగా లేచి, మెచ్చుకునేలా పోయినవి కావు. గడ్డికి రెండు మూరల ఎత్తున, ముసలి కుక్క నడిచినట్టు వెళ్ళాయి, కానీ తిన్నగా వెళ్ళాయి. ఐదో దానికి డాక్టరమ్మ, "కుడికి," అంది. మాస్టారికి ఇప్పటికే బాగా కుడికి తిరిగినట్టనిపించింది. నిన్నగాక మొన్న కర్ర పట్టుకోవడం వచ్చిన మనిషి మాట వినాలా అని పౌరుషం తన్నుకొచ్చింది. తిరక్కుండానే కొట్టారు. బంతి ఒంగి, కంచె కిందికి పోయింది.

"చెప్పానా?" అంది డాక్టరమ్మ, అచ్చం మాస్టారిలాగే.

ట్రాక్టరమ్మ జాలీ లోపల నుంచి, "గాలి లేదన్నయ్యా ఇవాళ!" అని అరిచింది.

మాస్టారు చెమట తుడుచుకుని, ఆ తర్వాత ప్రతి బంతికీ డాక్టరమ్మ చెప్పినట్టే తిరిగారు. ఆరోది పోయింది. ఏడోదానికి తుంటి కలుక్కుమంది, అయినా పోయింది. ఎనిమిదోదానికి ముందు కర్ర మీద చేతులానించి రెండు నిమిషాలు ఊపిరి తీసుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. అది కూడా పోయింది. తొమ్మిదోది ఎడమ గుంజని రాసుకుంటున్నట్టు వెళ్ళి, లోపలే పడింది.

పొడుగాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఏడు మాస్టారూ. ఏడయ్యాయి! ఇంకోటుంది."

"అది నువ్వు కొట్టుకో," అని మాస్టారు కర్రని డాక్టరమ్మ చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడ్డారు.

పొడుగాయన నవ్వుతూ సంతకం పెట్టి, కాగితం మీద ముద్ర కొట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. "ఇది రెండేళ్ళు పనిచేస్తుంది మాస్టారూ. మళ్ళీ రెండేళ్ళకి నేనే వస్తాను."

రెండేళ్ళు. మాస్టారు కాగితం వైపు చూశారు. ఈ ఆరు రోజులూ ఏడు పడాలి, ఏడు పడాలి అనుకున్నారే తప్ప, పడితే ఏమవుతుందో ఆలోచించనే లేదు. పడితే ఇంకా రెండేళ్ళపాటు రోజూ ఐదింటికి లేవాలి. రెండు బస్సులు మారాలి. వచ్చినవాడికల్లా, వచ్చినదానికల్లా మోచేయి దింపమని చెప్పాలి.

"మాస్టారూ," డాక్టరమ్మ కర్ర పట్టుకుని తయారుగా నిలబడింది, "మరి నా పాఠం?"

"కొట్టమ్మా, చూస్తున్నాను," అన్నారు మాస్టారు, కళ్ళు మూసుకునే.